సత్తు బంపరు

సావనీరుకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు మొదట నేను తప్పించుకోజూశాను. సుత్తి పట్టిన చెయ్యే గాని కలం పట్టిన చెయ్యి కాదు నాది. ఆయన వదలలేదు. "పెద్ద పెద్ద విషయాలు వ్రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు భాయ్, మీ పని సంగతి మీరు తప్ప ఇంకెవరు వ్రాస్తారు?" అన్నారు. నిజమే అనిపించింది. మన సంఘం సభ్యుల ఇళ్ళల్లో టింకరింగో, వెల్డింగో, పెయింటింగో, సీట్లు కుట్టే పనో చేసినవాళ్ళు ఎవరో ఒకరు తప్పక ఉంటారు. అయినా ఆ పనుల చరిత్ర ఎక్కడా వ్రాసిపెట్టి లేదు. రాజులు కట్టించిన కోటల సంగతి పిల్లలకు బడిలో చెబుతారు. ఆటోనగర్ షెడ్డులో తాత ఏం చేసేవాడో ఇంట్లో కూడా చెప్పరు.

అందుచేత ఒక చిన్న వస్తువును పట్టుకుని వ్రాస్తున్నాను. అది బండి ముందు ఉండే బంపరు. అందులోనూ కంపెనీ నుంచి వచ్చినది కాదు, షెడ్డులో చేత్తో చేసిన అల్యూమినియం బంపరు. అల్యూమినియాన్ని మన ఇళ్ళల్లో సత్తు అంటాం, కొందరు సిల్వరు అంటారు. వెండికీ దానికీ ఏ సంబంధమూ లేకపోయినా ఆ పేరు అలా స్థిరపడిపోయింది.

మోటారు బండి పుట్టిన కొత్తలో దానికి బంపరు లేదు. గుర్రబ్బండికి లేనిది దీనికెందుకని కాబోలు. ఆనాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో, ఇప్పటి చెక్ దేశంలో ఉన్న నెసెల్స్‌డార్ఫ్ అనే ఊళ్ళో రైలు పెట్టెలు చేసే కర్మాగారం ఒకటి ఉండేది. వాళ్ళు 1897లో ప్రెసిడెంట్ అనే కారు చేశారు. ముందు భాగాన బంపరు పెట్టిన మొదటి కారు అదేనంటారు. రైలు పెట్టెలు చేసేవాళ్ళకు పెట్టెకూ పెట్టెకూ మధ్య బఫర్లు అలవాటే కదా, ఆ ఆలోచన అక్కడినుంచే వచ్చి ఉంటుందని నా ఊహ. ఆ కర్మాగారమే తర్వాత టాట్రా అనే పేరుతో లారీలకు ప్రసిద్ధి కెక్కింది. ఆ మొదటి బంపరు పెద్దగా దెబ్బలు కాసేది కాదు, అలంకారం పాలే ఎక్కువ. ఇంగ్లండులో ఫ్రెడరిక్ సిమ్స్ అనే ఇంజనీరు 1905 ప్రాంతంలో గాలి నింపిన రబ్బరు బంపరు మీద ప్రయోగాలు చేశాడు. బంపరు అనేది దెబ్బ తాను తిని బండిని కాపాడాలనే ఆలోచన అలా మొదలైంది. ఆ తర్వాత చాలాకాలం వంచిన ఉక్కు పట్టీలు, వాటిపై నికెల్, క్రోమియం పూతలు, అద్దంలా మెరుపు. మా చిన్నతనంలో అంబాసిడర్ కారు ముందు బంపరులో మొహం చూసుకుని తల దువ్వుకునేవాళ్ళం.

ఇక సత్తు సంగతి. ఈ లోహం ఇనుములాగ వేల ఏండ్లనాటిది కాదు. 1825లో డెన్మార్కు శాస్త్రవేత్త ఎర్‌స్టెడ్ దీన్ని మొదట వేరుచేశాడు. మట్టిలో ఇంత సమృద్ధిగా ఉన్నా ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది, విడదీయడం మహా కష్టం. అందుచేత అరవై ఏండ్ల పాటు అది ఖరీదైన లోహంగానే చెలామణీ అయింది. 1884లో అమెరికాలో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు గౌరవంగా అల్యూమినియం టోపీ పెట్టారంటే దాని విలువ చూడండి. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ, ఒకరి నొకరు ఎరుగని ఇద్దరు కుర్రవాళ్ళు, ఒకే సంవత్సరం, విద్యుత్తుతో దీన్ని చౌకగా తీసే ఒకే పద్ధతిని కనిపెట్టారు. చిత్రమేమిటంటే ఇద్దరూ పుట్టింది 1863లోనే, ఇద్దరూ చనిపోయింది 1914లోనే. అక్కడినుంచి రాజుల బల్ల మీది లోహం మన వంటింటి గిన్నె అయింది.

మన దేశంలో కూడా ఇది మొదట గిన్నె రూపంలోనే వచ్చింది. మద్రాసు ఆర్ట్స్ స్కూలులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే దొర 1898లో అల్యూమినియం పాత్రలు చేయించడం ప్రారంభించాడు. అప్పుడు మన కోస్తా జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉండేవి గనుక ఆ గిన్నెలు మనకు దగ్గర చుట్టాలే. రేకు మాత్రం విదేశాలనుంచి రావలసిందే. ఇండియన్ అల్యూమినియం కంపెనీ 1938లో ఏర్పడి, 1943లో కేరళలోని ఆల్వాయి దగ్గర లోహం తీయడం మొదలుపెట్టింది. 1962లో రేణుకూట్‌లో హిందాల్కో వచ్చింది. 1981లో ఏర్పడిన నాల్కో కొరాపుట్ కొండల్లోని బాక్సైటుతో దామన్‌జోడిలో అల్యూమినా తీసి మన విశాఖపట్నం రేవునుంచి ఎగుమతి చేస్తున్నది. ఇంత చరిత్ర ఉన్నా మా షెడ్డుకు సత్తు వచ్చే దారి వేరు. మాకది పాత సామాను కొట్టునుంచే వచ్చేది.

బండ్ల మీద సత్తు వాడకానికి యుద్ధం కారణం. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండులో ఉక్కు కరువు, విమానాలకని తయారైన అల్యూమినియం మాత్రం కావలసినంత. రోవర్ కంపెనీవాళ్ళు 1948లో ల్యాండ్ రోవర్‌ను తెచ్చినప్పుడు దాని బాడీ రేకులన్నీ అల్యూమినియం, మెగ్నీషియం కలిపిన మిశ్రమంతో చేశారు. కాని చూడండి, చాసిస్సూ ముందు బంపరూ మాత్రం ఉక్కే పెట్టారు. దెబ్బ తగిలే చోట సత్తును నమ్మడానికి వాళ్ళకూ ధైర్యం చాలలేదు.

మన దేశానికి జీపు వచ్చిన కథ కూడా ఇక్కడ చెప్పాలి. 1945లో లుధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే కంపెనీ వెలిసింది. మహీంద్రా సోదరులిద్దరితో కలిసిన మూడో మనిషి మాలిక్ గులాం మహమ్మద్. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్ళి మొదటి ఆర్థికమంత్రీ, తర్వాత గవర్నర్ జనరలూ అయ్యాడు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. జీపు ముందు నిలువు అక్షరాలు చూసినప్పుడల్లా రెండో ఎం సంగతి నాకు గుర్తుకు వస్తుంది.

హైదరాబాదు వైపు బాడీ బిల్డింగ్‌కు ఇంకో మూలం ఉంది. నిజాం ప్రభుత్వ రైలుశాఖ కింద 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలయింది. అవి ఆల్బియాన్ బస్సులు. చాసిస్ సముద్రం దాటి వచ్చినా బాడీ ఇక్కడి చేతులే కట్టాలి. 1942లో నిజాం పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. బస్సు బాడీలు, బీరువాలు, తర్వాత ఫ్రిజ్‌లు, ఏ ఇంట చూసినా ఆల్విన్ పేరే. ఆ కంపెనీ 1990ల దాకా బ్రతికింది. అక్కడ రేకు పని నేర్చుకుని బయటికొచ్చి సొంతంగా షెడ్లు పెట్టుకున్నవాళ్ళను నేను ఎరుగుదును. సుత్తి దెబ్బలో తేడా ఉంటుంది. కంపెనీలో నేర్చుకున్నవాడు కొలతను నమ్ముతాడు, షెడ్డులో నేర్చుకున్నవాడు వేలిని నమ్ముతాడు.

మా విజయవాడ సంగతి వేరు. మద్రాసు కలకత్తా రోడ్డూ, హైదరాబాదు బందరు రోడ్డూ ఇక్కడ కలుస్తాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యాక కృష్ణ దాటడం సులభమైంది, లారీలు పెరిగాయి. ఊళ్ళో రోడ్ల పక్కనే మరమ్మత్తులు, బాడీలు కట్టడం, ఆ చప్పుడు, ఆ ఇరుకు. దానికి పరిష్కారంగా 1966లో ఆటోనగర్ వచ్చింది. మెకానిక్కు, కమ్మరి, వడ్రంగి, టింకరు, పెయింటరు, కమాను కట్టలు వేసేవాడు, రేడియేటరు మాటు వేసేవాడు, అందరూ ఒక్క చోట. నేను 1970లో పదమూడో ఏట మా ఉస్తాద్ షెడ్డులో చేరాను. ఆయన పేరు వ్రాయవద్దని వారి పిల్లలు కోరినారు గనుక ఉస్తాద్ అనే అంటాను. మొదటి సంవత్సరం నా పని ఊడవడం, చాయ్ తేవడం, వంగిన మేకులు సరిచేయడం. రెండో ఏట రేకు పట్టుకోనిచ్చారు. మూడో ఏట గాని సుత్తి చేతికివ్వలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1984వ సంవత్సరం మే నెల చివర బందరునుంచి ఒక చేపల వ్యాపారి జీపు వేసుకుని వచ్చాడు. ఐసు పెట్టెల మధ్య చేపలు తెస్తాడు, సముద్రం ఒడ్డున బండి నిలుపుతాడు. ఉప్పు నీళ్ళు కారి, ఉప్పు గాలి తగిలి ముందు బంపరు జల్లెడలాగ అయిపోయింది. రెండేళ్ళకో బంపరు మార్చి మార్చి విసిగిపోయాడు. "ఉస్తాద్‌గారూ, మా ఆవిడ సత్తు బిందె పదేళ్ళుగా నూతి దగ్గరే ఉంటుంది, దానికి తుప్పు లేదు. బంపరు కూడా ఆ రేకుతోనే చేసిపెట్టండి" అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "వారం టైమివ్వు" అన్నారు.

ఆయన ముందు లెక్క వేశారు. బడి చదువు ఐదో క్లాసే గాని లెక్క గట్టిది. సత్తు బరువు ఉక్కులో సుమారు మూడో వంతు. నీటికంటే ఉక్కు 7.85 రెట్లు బరువైతే ఇది 2.7 రెట్లే. కాని బిగువు కూడా మూడో వంతే. అంటే అదే మందం పలక వేస్తే మూడు రెట్లు వంగుతుంది. మందం పెంచితే బిగువు చాలా త్వరగా పెరుగుతుంది. మూడు మిల్లీమీటర్ల ఉక్కు పలకకు బదులు నాలుగుంపావు మిల్లీమీటర్లకు కాస్త పైగా సత్తు వేస్తే రెండూ సమానం, అప్పటికీ బరువు సగమే. దీనికి సూత్రం ఉందని నేను చాలా ఏండ్ల తర్వాత పాలిటెక్నిక్ చదివిన మా అల్లుడి పుస్తకంలో చూశాను. ఉస్తాద్‌కు సూత్రం తెలియదు. ఉక్కు ముక్కనూ సత్తు ముక్కనూ వైసులో బిగించి, చివర ఒకే రాయి వేలాడగట్టి, ఏది ఎంత వంగిందో కొలిచి చూసి, "ఐదు మిల్లీలు వేద్దాం, ఒకటి ఎక్కువైనా నష్టం లేదు" అన్నారు.

పలక పాత సామాను కొట్టులో దొరికింది. ఏదో పాత ట్యాంకరు తాలూకు ముక్క. ఈ రోజుల్లో అయితే పలక మీద 5052 అనో 6061 అనో నంబరు ఉంటుంది. మొదటిది మెగ్నీషియం కలిసింది, చక్కగా వంగుతుంది, ఉప్పును తట్టుకుంటుంది. రెండోది వేడి చేసి గట్టిపరిచింది, బలం ఎక్కువగాని గబుక్కున వంచితే పగులుతుంది. ఆనాడు మాకు ఆ నంబర్లు తెలియవు. ఒక మూల కోసి, వైసులో పెట్టి వంచి, ఎక్కడ నెరియ పడుతుందో చూసి తెలుసుకోవలసిందే. మా ముక్క పగిలింది. "ఇది మొండిది" అన్నారు ఉస్తాద్.

మొండిదాన్ని మెత్తబరచడానికి ఒక ఉపాయం ఉంది. దీన్ని చదువుకున్నవాళ్ళు కూడా ముచ్చటగా వింటారు. ఇనుమును కాలిస్తే ఎర్రబడి తన వేడి తానే చెబుతుంది. సత్తు చెప్పదు. 660 డిగ్రీలకు కరుగుతుంది, అప్పటిదాకా రంగు మారదు. చూస్తూ చూస్తూ ఉండగానే ముద్దై కింద పడిపోతుంది. అందుకని గ్యాస్ టార్చిలో ఆక్సిజన్ కట్టేసి, ఒట్టి ఎసిటిలీన్ పొగతో వంచవలసిన గీత పొడవునా నల్లగా మసి పట్టించాలి. తర్వాత ఆక్సిజన్ ఇచ్చి మంట సరిచేసి, దూరంనుంచి మెల్లగా కాల్చుకుంటూ పోవాలి. మసి ఎక్కడ మాయమైతే అక్కడ లోహం మెత్తబడినట్టు. ఇంకొక క్షణం ఎక్కువ నిలిపితే పలక పోయినట్టే. కొందరు మసికి బదులు బట్టల సబ్బు రుద్దుతారు, అది గోధుమరంగు తిరిగి నల్లబడితే చాలు. ఈ సబ్బు విద్య ఉస్తాద్‌కు ఒక సత్తు గిన్నెల వ్యాపారి దగ్గర దొరికిందట.

అంతకుముందే అట్టముక్కలతో నమూనా తయారైంది. పాత కేలండరు అట్టలు కోసి, జిగురు పెట్టి, జీపు ముక్కు కింద పట్టి చూసి, దీపాలకు అడ్డం రాకుండా, టైరు పూర్తిగా తిరిగినప్పుడు తగలకుండా, జాకీ పెట్టే చోటు మూసుకుపోకుండా సరిచూసుకున్నాం. అట్ట తప్పయితే ఇంకో అట్ట. పలక తప్పయితే డబ్బు. నా శిష్యులకు ఇప్పటికీ చెబుతాను, బంపరులో సగం పని అట్ట పని.

వంచడానికి మాకు ప్రెస్సు లేదు. రెండంగుళాల పాత నీళ్ళ పైపును బల్లకు బిగించి, దాని మీద పలక పెట్టి, కొయ్య సుత్తులతో ఇద్దరం చెరో వైపునుంచి కొట్టుకుంటూ వచ్చాం. ఇనుప సుత్తి వాడితే గుంటలు పడతాయి. మూల కుచ్చగా వంచకూడదు, గుండ్రంగా రావాలి. కొట్టి వదిలేస్తే కొంచెం వెనక్కి లేస్తుంది గనుక రెండు డిగ్రీలు ఎక్కువే వంచాలి. మధ్య పట్టీ ఆరంగుళాలు, పైనా కిందా రెండేసి అంగుళాల అంచులు, నాలుగున్నర అడుగుల పొడవు. రెండు రోజులు పట్టింది.

చివర్లు మూయడమే అసలు పరీక్ష. సత్తుకు గాలి తగలగానే కంటికి కనబడని పొర కడుతుంది. ఆ పొర వల్లే దానికి తుప్పు పట్టదు. కాని ఆ పొర కరగాలంటే రెండువేల డిగ్రీలు పైబడి కావాలి, లోపలి లోహమేమో 660కే కరుగుతుంది. అంటే గట్టి సంచిలో నీళ్ళున్నట్టు, లోపల కరిగినా అతుక్కోదు. ఈ చిక్కును తీర్చడానికి అమెరికాలో నార్త్రప్ విమాన కంపెనీలో రస్సెల్ మెరెడిత్ అనే ఆయన 1941లో టంగ్‌స్టన్ పుల్లతో, చుట్టూ హీలియం గ్యాసు ఊదుతూ వెల్డింగు చేసే పద్ధతి తెచ్చాడు. తర్వాత హీలియానికి బదులు ఆర్గాన్ వచ్చింది. 1984లో మా వీధిలో ఆర్గాన్ లేదు. మాకు దిక్కు గ్యాస్ వెల్డింగు, తెల్ల ఫ్లక్సు పొడి. ఆ పొడి పొరను కరిగించి పక్కకు తోస్తుంది. కాని వెల్డింగు అయ్యాక వేడినీళ్ళతో, బ్రష్షుతో ఒక్క రేణువు మిగలకుండా కడిగేయాలి. లేకపోతే ఆ పొడే తడి పీల్చుకుని లోహాన్ని తినేస్తుంది.

కడిగే పని నాది. జూన్ నెల, రంజాన్ రోజులు, ఆ ఏడు ఎండలు నిప్పులు చెరిగాయి. ఇఫ్తార్‌కు ఇరవై నిమిషాలుంది. బయటి వైపు బాగానే తోమాను. లోపలి మూలల్లో బ్రష్షు సరిగా దూరదు, రెండుసార్లు నీళ్ళు పోసి అయిందనిపించాను. ఉస్తాద్ "కడిగావా?" అన్నారు. "కడిగాను" అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

మర్నాడు తూచి చూశాం. పాత ఇనుప బంపరు కొత్తదైతే ఎనిమిదిన్నర కిలోలు ఉండేది. మాది ఐదుకు తక్కువ. ఆకురాయితో అంచులు నున్నజేసి, ఎమెరీ కాగితంతో రుద్ది, సున్నపుపొడి బట్టతో తుడిస్తే వెండిలా మెరిసింది. ఇనుప బ్రాకెట్లతో, ఇనుప బోల్టులతో చాసిస్‌కు బిగించాం. వ్యాపారి సంతోషించి మొత్తం షెడ్డుకు ఇఫ్తార్ పండ్లు పంపించాడు.

అక్టోబరులో, వానలు వెళ్ళాక, అతడు తిరిగి వచ్చాడు. కోపంగా కాదు, బాధగా వచ్చాడు. ఎడమ చివర మూలలో తెల్లటి పొడి పొంగి, అతుకు నెరియ ఇచ్చింది. బోల్టుల చుట్టూ కూడా అలాగే తెల్లటి బూడిద. ఉస్తాద్ గోటితో గీకి, నాలుకకు తగిలించి చూసి, ఉమ్మేసి, నా వైపు చూశారు. మాట అనలేదు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. నలుగురిలో వ్యాపారితో, "తప్పు మా షెడ్డుది, డబ్బు వద్దు, రెండ్రోజులు ఆగు" అన్నారు. నా పేరు చెప్పలేదు. ఆ రాత్రి నేనే వెళ్ళి ఒప్పుకున్నాను. "నాకు తెలుసు. నేను చూడకపోవడం కూడా తప్పే" అని ఊరుకున్నారు.

మూల తప్పు నాది. బోల్టుల తప్పు మాత్రం ఇద్దరికీ తెలియనిది. సత్తూ ఇనుమూ ఒకదానికొకటి తగిలి, మధ్య ఉప్పునీరు చేరితే అది చిన్న బ్యాటరీ అవుతుంది. అందులో కరిగిపోయేది సత్తే. ఈ సంగతి మాకు ఆటోనగర్‌లో ఒక బ్యాటరీ మెకానిక్కు చెప్పాడు, అతనికి సులభంగా తట్టింది. దాంతో పాత సైకిలు ట్యూబు కోసి బ్రాకెట్టుకూ బంపరుకూ మధ్య వేశాం, ప్రతి బోల్టుకూ రబ్బరు గొట్టం తొడిగాం, స్టీలు బోల్టులు వెతికి తెచ్చాం. చివర్లు విప్పి, మళ్ళీ అతికి, ఈసారి నేను మూడు కెటిళ్ళ వేడినీళ్ళు పోసి, వేలికి గుడ్డ చుట్టుకుని మూలమూలా తోమాను. ఆ బంపరు పన్నెండేళ్ళు నిలిచింది.

తర్వాత సంవత్సరాల్లో ఇలాంటివి పాతికదాకా చేసి ఉంటాం. చేసేకొద్దీ ఇంకో నిజం తెలిసింది. గట్టిపరిచిన పలకను వెల్డింగు చేస్తే ఆ వేడికి అతుకు పక్కన బలం మూడో వంతునుంచి సగందాకా పోతుంది. అందుకని అతుకును దెబ్బ తగిలే చోట పెట్టకూడదు, పెట్టినా లోపలి వైపు ఇంకో పట్టీ ఆసరా ఇవ్వాలి. అమెరికాలో 1973 నమూనా కార్లనుంచి ముందు బంపరు గంటకు ఐదు మైళ్ళ వేగంతో గోడకు గుద్దినా దీపాలు వగైరా చెడకూడదని చట్టం వచ్చింది. బంపర్లు బరువెక్కిపోయాయి. అదే సమయంలో పెట్రోలు ధర మండిపోయింది. బరువు తగ్గించడానికి అక్కడి పెద్ద కంపెనీలు కూడా జింకు కలిపిన గట్టి అల్యూమినియం బంపర్ల వైపు తిరిగాయి. 1982లో ఆ ఐదు మైళ్ళను మళ్ళీ రెండున్నరకు తగ్గించారు. సముద్రం అవతల ఇంజనీర్లు, ఇవతల బందరు వ్యాపారి భార్య బిందె, ఇద్దరూ ఒకే లోహం దగ్గరికి వచ్చారని తెలిసినప్పుడు ఉస్తాద్ చాలాసేపు నవ్వుకున్నారు.

1990ల తర్వాత పని రంగు మారింది. కొత్త కార్లకు ప్లాస్టిక్ బంపర్లు వచ్చాయి, విరిగితే కొత్తది తగిలించడమే. మాకు మిగిలింది జీపులకూ, పెద్ద కార్లకూ ముందు కట్టే గార్డులు. ఎంత పెద్దదైతే అంత దర్జా. ఇక్కడ ఒక సంగతి దాచకుండా వ్రాయాలి. మా షెడ్డులోనే చేసిన ఇనుప గార్డు ఉన్న బండి ఒకటి సైకిలు మీద పోతున్న పిల్లవాణ్ణి తగిలింది. బండికి గీత పడలేదు. పిల్లవాడి తొడ ఎముక విరిగింది, ఆరు నెలలు మంచాన ఉన్నాడు. డ్రైవరు వచ్చి, "ఏం గార్డు చేశారు ఉస్తాద్, బండి చెక్కుచెదరలేదు" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు విని ఉస్తాద్ ఆ పూట అన్నం తినలేదు. తర్వాతనుంచి కొమ్ములున్న గార్డులు, ముందుకు పొడుచుకొచ్చే పైపులు చేయనని చెప్పేశారు. చేస్తే సత్తుతో, గుండ్రటి అంచులతో, బండి వెడల్పు దాటకుండా చేసేవారు. బేరాలు పోయాయి. పక్క షెడ్లలో మాకు పిచ్చివాళ్ళని పేరు వచ్చింది. నేనూ కొన్నాళ్ళు లోపల గొణుక్కున్నవాణ్ణే. నాకు అప్పటికి ముగ్గురు ఆడపిల్లలు.

2017 డిసెంబరులో కేంద్ర రవాణాశాఖ రాష్ట్రాలకు ఉత్తరం వ్రాసింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి క్రాష్ గార్డులు, బుల్ బార్లు పెట్టడం నేరమని, చర్య తీసుకోవాలని. కారణాలు రెండు. నడిచేవాళ్ళకు దెబ్బ ఎక్కువ తగులుతుంది. ఇంకా, ఈనాటి కారు ముందు భాగం నలిగి దెబ్బను మింగేటట్టు తయారవుతుంది, ఎయిర్‌బ్యాగు ఎప్పుడు తెరుచుకోవాలో ఆ నలగడాన్ని బట్టే నిర్ణయమవుతుంది. మధ్యలో మన గట్టి గార్డు అడ్డం వస్తే ఆ లెక్క తప్పుతుంది, లోపలివాళ్ళకే ముప్పు. ఆ ఉత్తరం వచ్చాక చాలా షెడ్లలో పని పడిపోయింది. కుటుంబాలు ఇబ్బందిపడ్డాయి, అది నిజం. కాని ఆ నియమం తప్పని నేననలేను. ఉస్తాద్ 2003లోనే వెళ్ళిపోయారు. ఉంటే ఏమనేవారో నాకు తెలుసు.

ఈనాడు మా మేనల్లుడి షెడ్డులో ఆర్గాన్ సిలిండరు ఉంది, నంబరు వేసిన పలకలు వస్తాయి, కంప్యూటరులో గీసిన గీత ప్రకారం లేజరు కోసిపెడుతుంది. వాడు చేసేవి లారీల డీజిలు ట్యాంకులు, ఐసు పెట్టెలు, సంచార వైద్యశాల బండ్ల లోపలి అరలు. కార్ల గార్డులు చేయడు. కాని కొత్త కుర్రవాడు చేరితే మొదటి నెల అట్టముక్కలే ఇస్తాడు, వెల్డింగు అయిన మూల ఎవరు తుడిచినా మళ్ళీ తానే వేలు పెట్టి చూస్తాడు. ఆ వేలు ఎక్కడిదో వాడికి నేను చెప్పాను.

బందరు వ్యాపారి 1996లో జీపు అమ్మేస్తూ ఆ బంపరు విప్పి మా షెడ్డుకే తెచ్చి ఇచ్చాడు. ఎడమ చివర అతుకు మీద రెండో వెల్డింగు గుర్తు ఇప్పటికీ ఉంది. మేనల్లుడు దాన్ని గోడకు బిగించి సుత్తులు తగిలించుకుంటున్నాడు. చూడగోరే సభ్యులు ఆదివారం తప్ప ఏ రోజైనా రావచ్చు. మరొక మనవి. ఆల్విన్‌లో గాని, బస్సు డిపోల్లో గాని, ఆటోనగర్ షెడ్లలో గాని పనిచేసిన పెద్దల ఫోటోలు, పాత పనిముట్లు, కూలి లెక్కలు వ్రాసుకున్న పుస్తకాలు మీ ఇళ్ళల్లో ఉంటే పారేయకండి. వచ్చే సంవత్సరం సావనీరుకు పనికివస్తాయి. కార్యదర్శిగారికి చూపించి, వెంటనే తిరిగి తీసుకువెళ్ళవచ్చు.